40 డిగ్రీల ఎండలో ట్రాక్ డే

టర్బో కిట్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఊదే పరికరం) వేయించిన కారును ట్రాక్ మీద పరీక్షించాలంటే చలికాలం దాకా ఆగమని అందరూ చెబుతారు. నేను కావాలనే మండే ఎండల్లో ట్రాక్ డేకు, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద తోలుకోనిచ్చే రోజుకు, స్లాట్ బుక్ చేసుకున్నాను. చల్లటి పూట డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద వచ్చిన హార్స్‌పవర్ అంకె పదిమందికి చెప్పుకోవడానికి బాగుంటుంది. ఎండలో ఇరవై నిమిషాలు గట్టిగా తోలాక అందులో ఎంత మిగులుతుందో తేలాలంటే ఇదే సరైన సీజన్. కారు సంగతితో పాటు బస, ట్రాక్, అక్కడి సర్వీసుల గురించి కూడా రాస్తున్నాను. ఎండ పూట ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటాయి.

ముందు బస. ట్రాక్ గేటు పక్కనే ఓ మామూలు లాడ్జి, అరగంట దూరంలో ఓ మంచి హోటల్ ఉన్నాయి. రెండింట్లోనూ ఉండి చూశాను. పరుపు, ఏసీ, బాత్‌రూమ్, ఏది చూసినా హోటలే మేలు. అయినా నా ఓటు లాడ్జికే. హోటల్ పార్కింగ్ నేలమాళిగలో ఉంది. ఎత్తు తగ్గించిన కారు ఆ ర్యాంప్ మీద ముందు బంపర్ కింది అంచు గీసుకోకుండా దిగాలంటే ప్రాణం పోతుంది. పైగా ట్రాక్ డేలో విలువైన సమయమంతా పొద్దున మొదటి గంటన్నరే. స్క్రూటినీ (కారు తనిఖీ) క్యూలో ముందు నిలబడినవాడికే అది దక్కుతుంది. మధ్యాహ్నం ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు నడిచి వెళ్లి ఓ గంట ఏసీలో పడుకోవడం కూడా లాడ్జిలో ఉంటేనే కుదురుతుంది. ఆ గంట నిద్ర సాయంత్రం సెషన్లో ఎంత పనికొస్తుందో హెల్మెట్ పెట్టుకుని ఎండలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ట్రాక్ ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోవద్దు. పొడవాటి స్ట్రెయిట్లున్న ట్రాక్ మీద రేడియేటర్‌కు గాలి దండిగా తగులుతుంది, బ్రేకులకు చల్లారే తీరిక దొరుకుతుంది. బెల్జియంలోని 7 కిలోమీటర్ల స్పా ఇందుకు మంచి ఉదాహరణ. కెనడాలోని మాంట్రియల్ ట్రాక్ మీద కూడా స్ట్రెయిట్లకు కొదవలేదు, కానీ ఒక్కో దాని చివర గట్టి బ్రేకింగ్ కాచుకుని ఉంటుంది. అందుకే బ్రేకులను తినేస్తుందని దానికి పేరు. ఇక కార్టింగ్ ట్రాక్‌లా మెలికలు తిరిగే చిన్న సర్క్యూట్ల మీద స్పీడు ఉండదు, గాలీ ఉండదు, ఇంజిన్ మాత్రం ఎప్పుడూ లోడులోనే ఉంటుంది. టర్బో కారుకు ఎండలో ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు.

సెషన్ల పద్ధతి కూడా చూసుకోవాలి. కొన్నిచోట్ల గ్రూపులుగా విడగొట్టి గంటకు ఇరవై నిమిషాలు ఇస్తారు. కొన్నిచోట్ల పిట్ లేన్ (గ్యారేజ్‌ల ముందు నుంచి ట్రాక్ మీదికి వెళ్లే దారి) రోజంతా తెరిచే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు. రెండోదానికి డబ్బు ఎక్కువ పడుతుంది, ఎండాకాలంలో మాత్రం ఆ డబ్బు దండగ కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే మూడు నాలుగు విడతలు తిరిగేసి, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కారుకు కవర్ కప్పేసుకోవచ్చు. గ్యారేజ్ విడిగా అద్దెకు తీసుకోవడం గురించి కూడా ఇదే మాట. నీడ, ప్లగ్ పాయింట్, పెద్ద ఫ్యాన్ ఉంటే చాలు. ఎండలో నిలబడ్డ కారు బానెట్ కింద వేడి దిగదు, ఇంటర్‌కూలర్ (టర్బో ఊదిన గాలిని చల్లబరిచే భాగం) సెగతోనే మళ్లీ ట్రాక్ ఎక్కుతుంది.

ఇక కారు. గాలి 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత 8 శాతం దాకా పడిపోతుంది. టర్బో లేని ఇంజిన్ ఇంచుమించు అంత బలమూ పోగొట్టుకుంటుంది. టర్బో ఉన్నది ఇంకాస్త గట్టిగా ఊది ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తుంది, ఆ ఊదడంలో గాలి మరింత కాగుతుంది. నా డేటా లాగర్‌లో పొద్దున ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 48 డిగ్రీలుంటే, మధ్యాహ్నం సెషన్ సగానికొచ్చేసరికి 70 దాటింది. అప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఏం చేస్తుందంటే, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది. కాలు పూర్తిగా నొక్కే ఉన్నా కారు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బద్ధకంగా కదులుతుంది. కిట్‌తో పెరిగిన బలంలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే ఆవిరైపోయింది.

బానెట్ తెరిచి నిలబడ్డప్పుడు నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఓ చవక పని. పెద్ద రేడియేటర్ వేయించినా టెంపరేచర్ అనుకున్నంత తగ్గలేదు. చూస్తే బంపర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పక్కల్లో అరచేయి దూరేంత సందు ఉంది. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది కదా, రేడియేటర్ ఫిన్‌ల (పల్చటి రేకుల) మధ్య నుంచి కష్టపడి దూరడం మానేసి పక్కల నుంచి జారిపోతోంది. ఆ సందులను అల్యూమినియం రేకుతో, అంచుల్లో ఫోమ్ పట్టీతో మూశాక కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 112 డిగ్రీల దగ్గర నుంచి 103కి దిగింది. ఎక్కువమంది చేసే ఇంకో పని, బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తడం. చూడ్డానికి వేడి బయటికి పోతున్నట్టే ఉంటుంది. అసలు సంగతేమిటంటే, స్పీడులో విండ్‌షీల్డ్ మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, అక్కడి నుంచి గాలి లోపలికే వస్తుంది. వేడి పోవడానికి వెంట్లు పెట్టాలంటే బానెట్ ముందు భాగంలోనే పెట్టాలి.

బ్రేకుల దగ్గర పిసినారితనం పనికిరాదు. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కు ఈ అంకెలు 260, 180. ట్రాక్ కోసం ప్రత్యేకంగా అమ్మే ఫ్లూయిడ్లలో కొన్ని 300 పైనే నిలబడతాయి. ఫ్లూయిడ్ మరిగి లోపల బుడగలు పుడితే పెడల్ స్పాంజిలా నేల దాకా దిగిపోతుంది, ఆ క్షణంలో పట్టే చెమట ఎండవల్ల పట్టేది కాదు. టైర్లను పొద్దున చల్లగా 27 పీఎస్ఐ పెట్టి పంపితే కొన్ని ల్యాపుల్లోనే 33 చూపించాయి. ప్రతి విడత తర్వాతా గాలి వదులుతూనే ఉండాలి. సాయంత్రం చల్లారాక మళ్లీ నింపుకోకుండా రోడ్డెక్కకూడదు.

సర్వీసుల్లో డబ్బుకు తగ్గ విలువ ఇచ్చింది ఇన్‌స్ట్రక్టర్. మొదటి ల్యాపుల్లోనే, "ఏడు వేల ఆర్‌పీఎం దాకా లాగకండి, అయిదున్నరకే గేర్ మార్చేయండి" అన్నాడు. నాకు నచ్చలేదు. తీరా చూస్తే ల్యాప్ టైమ్ దాదాపు అంతే ఉంది, ఆయిల్ టెంపరేచర్ మాత్రం బాగా దిగింది. చివరి ల్యాపులో హీటర్ ఫుల్లుగా తిప్పమని కూడా ఆయనే చెప్పాడు. కూలెంట్‌లోని వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది, ఇంజిన్ బతుకుతుంది. అసలే ఏసీ ఆపేసి, అద్దాలు దించి, సూట్లో ఉడుకుతున్న మనిషి సంగతి ఎవరూ అడగరు. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్లో ఉంచి, చక్రాలకు అడ్డం పెట్టుకోవాలి. కాలుతున్న డిస్కు మీద ప్యాడ్ ఒకేచోట అదిమిపెట్టి ఉంచితే ఆ ముద్ర పడి తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా కారు వణుకుతుంది.

టైర్ సర్వీసు పర్వాలేదు, కుర్రాళ్లు చురుగ్గా ఉన్నారు కానీ ప్రెషర్ గేజ్ మాత్రం మీది మీరే తెచ్చుకోండి. మార్షల్స్ జెండాలు స్పష్టంగా, వేళకు చూపించారు. అంబులెన్స్ పిట్ ఎగ్జిట్ దగ్గరే రోజంతా ఉంది. అది లేకుండా నడిపే ఈవెంట్‌కు ఎంత చవకైనా వెళ్లొద్దు. తాగునీళ్ల ఏర్పాటు మాత్రం దారుణం. ఒకే ఒక్క డిస్పెన్సర్, అదీ మధ్యాహ్నానికి ఖాళీ. ఇంత ఎండలో ఇంతమందిని పిలిచినవాళ్లకు ఆ ధ్యాస లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

ఇంకొకటి, మామూలు ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి వర్తించవు. బుక్ చేసేముందే పాలసీ చదువుకోండి. టో ట్రక్ నంబరు కూడా ముందే తీసి ఉంచుకోండి. నాకు దాని అవసరం పడలేదు, పక్క గ్యారేజ్ వాళ్లకు పడింది.

మళ్లీ వెళ్తే అదే లాడ్జి, అదే గ్యారేజ్, ఓపెన్ పిట్ లేన్ ఉన్న తేదీ తీసుకుంటాను. హార్స్‌పవర్ పెంచడానికి పక్కన పెట్టిన డబ్బు పెద్ద ఇంటర్‌కూలర్‌కూ, ఆయిల్ కూలర్‌కూ మళ్లించేశాను.