బాతులకూ కోళ్లకూ ఒకే గూడు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

బాతులను, కోళ్లను కలిపి పెంచుకోవడానికి అనువైనదని చెప్పి విజయనగరంలోని ఒక దుకాణంవారు అమ్మిన ఇనుప జాలీ గూడును వానాకాలానికి ముందు 11,500 రూపాయలకు కొన్నాము. నెల్లిమర్ల సమీపంలోని మా పెరట్లో గ్రామప్రియ రకం కోడిపెట్టలు ఆరు, ఖాకీ క్యాంప్‌బెల్ రకం ఆడ బాతులు మూడు, ఒక మగ బాతు ఎనిమిది నెలలుగా రాత్రిళ్లు ఇందులోనే ఉంటున్నాయి. కోళ్ల గూడుగా దీనిని నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. బాతులకు మాత్రం, మేము చేయించిన మార్పులు లేకుంటే, ఇది పనికిరాదు.

నాకు బాగా నచ్చినది దీని భద్రత. జాలీ రంధ్రాలు అర అంగుళానికి మించవు, తలుపుకు రెండు గడియలు ఉన్నాయి. పాత వెదురు గూటిలో ఏడాదికి నాలుగైదు పెట్టలను ముంగిసకు పోగొట్టుకున్న మాకు ఈ ఎనిమిది నెలల్లో ఒక్క పక్షి కూడా పోలేదు.

లోపమంతా అడుగుభాగంలో ఉంది. రెట్ట కిందికి జారిపోవాలని అడుగున కూడా జాలీనే వేశారు. కోళ్లు చీకటి పడగానే కర్ర ఎక్కి పడుకుంటాయి కనుక వాటికి ఇబ్బంది లేదు. బాతులు కర్ర ఎక్కవు, అడుగునే పడుకుంటాయి, అక్కడే తిరుగుతాయి. పైగా వాటి అరికాళ్లు, వేళ్ల మధ్య చర్మం కోళ్ల పాదాలకన్నా చాలా మెత్తన. మూడో వారానికే ఒక బాతు కుంటడం మొదలుపెట్టింది, చూస్తే అరికాలు ఒరిసి పుండు పడింది. ఆ రోజే వడ్రంగిని పిలిపించి జాలీమీద చెక్క పరిపించి, నాలుగు అంగుళాల మందాన ఊక పోశాము. గూటి నడుమ ఉన్న కర్రను వెనక గోడవైపు జరిపించాము, లేకుంటే పైనున్న కోళ్ల రెట్ట కింద పడుకున్న బాతుల వీపుమీదే పడుతుంది.

నీటి ఏర్పాటుదీ ఇదే కథ. గూటితో ఇచ్చిన నిపుల్ గొట్టం (ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీరు వచ్చేది) కోళ్లకు చక్కగా సరిపోయింది. కానీ బాతుకు ముక్కురంధ్రాలు మునిగేంత లోతున నీరుంటేనే ముక్కునూ కళ్లనూ కడుక్కోగలదు. లోపల బేసిన్ పెట్టి చూస్తే ఒక్క రాత్రిలో ఊకంతా బురదయింది. తడి ఊకలో అమోనియా వాసన పుడుతుంది, కోళ్లకు రక్తపారుడు రోగం సోకే ప్రమాదమూ పెరుగుతుంది. అందువల్ల బేసిన్‌ను బయట కంకర పరిచిన చోటికి మార్చి, రాత్రిపూట గూటిలో మేత, నీరు రెండూ లేకుండా చేశాము. ఎదిగిన పక్షులకు దీనివల్ల ఏ ఇబ్బందీ కలగలేదు, అయితే తెల్లవారగానే నీళ్లు అందించడం మరువకూడదు.

గుడ్ల పెట్టెలను రెండు అడుగుల ఎత్తున బిగించారు. అంత ఎత్తుకు ఎక్కని మా బాతులకు ఒక మూల గడ్డి వేసిన పొట్టి పెట్టె ఉంచాము. అవి ఎక్కువగా తెల్లవారుజామునే పెడతాయి కాబట్టి, తలుపు దగ్గరే బేసిన్‌తో నీళ్లిచ్చి, ఎనిమిది దాటాకే బయటికి వదులుతున్నాము. అంతకుముందు వదిలితే గుడ్లు చెరువు గట్టున వెతుక్కోవాలి.

దుకాణంవారు చెప్పిన రెండు రోజుల్లోనే గూడు తెచ్చి బిగించారు, ఆ మాట మెచ్చుకోదగినదే. అడుగు జాలీ సంగతి ఫోనులో చెబితే మాత్రం "అందరూ ఇలాగే వాడుతున్నారండి" అన్నారు. మార్పులకు మాకు మరో 2,300 రూపాయలు అయ్యాయి. బాతులు ఉన్నవారు కొనేముందే అడుగు జాలీ బదులు చెక్క వేసి ఇమ్మని అడగడం మేలు.

లోపల అడ్డుతడిక లేకపోవడం మరో పెద్ద కొరత. మగ బాతు కోడిపెట్టలమీదికి ఎక్కడం మొదలుపెడితే ఉపేక్షించకూడదు. కోడిపుంజుకు లేని జననాంగం దానికి ఉంటుంది కనుక, పెట్టకు లోపల గాయమై ప్రాణంమీదికి రావచ్చు. మా మగ బాతు అలా వెంటపడటం చూసిన వారంలోనే వెదురు తడిక కట్టించి, బాతులను ఒక వైపు, కోళ్లను మరో వైపు ఉంచాము. పగలు కోళ్లు పెరట్లో మేస్తాయి, మగ బాతును మాత్రం ఆడ బాతులతోపాటు చెరువువైపు తోలుతున్నాము.