అద్దె ఇంటి బాత్రూంలో ఎపాక్సీ గ్రౌట్: ఆరేళ్ల తర్వాత

పోర్షన్ ఖాళీ అయిన ప్రతిసారీ నేను ముందు తలుపు తీసి చూసేది బాత్రూమే. గోడలు రంగు వేస్తే కొత్తవవుతాయి. టైల్స్ మధ్య గీతలు నల్లబడితే మాత్రం ఎంత కడిగినా ఇల్లు పాతదిగానే కనిపిస్తుంది, చూడ్డానికి వచ్చినవాళ్లు అక్కడే ముఖం చిట్లిస్తారు. అందుకే ఆరేళ్ల క్రితం పై పోర్షన్ రిపేర్లు చేయించినప్పుడు ఆ గీతల్లో నింపే గ్రౌట్ సిమెంట్‌ది వద్దని ఎపాక్సీ (రెసిన్, గట్టిపరిచే మందు కలిపి చేసేది) పెట్టించాను. మొన్న మూడో కుటుంబం ఖాళీ చేసింది. మూలల్లో సబ్బు జిడ్డు మందంగా పేరుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కింద గీత పెట్టిన రోజు రంగులోనే తేలింది. ప్రాణం లేచొచ్చింది.

రెండో కుటుంబం యాసిడ్ పోసి కడిగేవారని వాళ్లు వెళ్లాక మిగిలిన సీసాలు చూస్తేనే తెలిసింది. సిమెంట్ గ్రౌట్ అయితే యాసిడ్‌కు కరిగి గుంటలు పడేది. నీళ్లు పోయే జాలీకి తుప్పు పట్టింది కానీ గ్రౌట్ చెక్కుచెదరలేదు.

అయితే మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ "ఎపాక్సీ పెడితే లీకేజీ టెన్షన్ ఉండదు" అని చెప్పాను. ఆ మాట తప్పు. రెండో ఏడాది కింది పోర్షన్ ఆవిడ ఫోన్ చేసి, "మా బాత్రూం పైకప్పు పెచ్చులూడుతోందండీ" అన్నారు. కుళాయిలన్నీ కట్టేసి మీటర్ చూస్తే కదల్లేదు, అంటే నీళ్లొచ్చే పైపులు బాగానే ఉన్నాయి. నహానీ ట్రాప్‌కు (జాలీ కింద నీళ్లు బయటికి పోయే అమరిక) గుడ్డ కుక్కి నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టాం. మర్నాటికి సగం లేవు, కింద తడి మరక పెద్దదైంది.

ట్రాప్ చుట్టూ పగలగొడితే టైల్ కింద సిమెంటు, ఇసుక ముద్దగా నానిపోయి ఉన్నాయి. ట్రాప్‌కూ స్లాబ్‌కూ మధ్య మేకు దూరేంత సందు. గ్రౌట్ పెట్టిన రోజు ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ఎపాక్సీ కలిపాక గంటలోపే గట్టిపడిపోతుంది. చివరి డబ్బా బిగుసుకుపోయిందని మేస్త్రీ జాలీ అంచును తెల్ల సిమెంటుతో మూసేశాడు. నీళ్లు అక్కడి నుంచే దిగాయి. పైన గీతలన్నీ బిగుతుగా ఉండటంతో లోపలి తడి ఆరే దారి కూడా లేకుండా పోయింది.

పగలగొట్టేటప్పుడు ఇంకో ఇబ్బంది. ఎపాక్సీ టైల్స్ అంచులను ఎంత గట్టిగా పట్టుకుందంటే, నాలుగు టైల్స్ తీయబోతే పక్కవి రెండు కూడా పెచ్చులు లేచాయి. అదే డిజైన్ దొరకలేదు, ఆ ఆరు ఇప్పటికీ వేరే రంగులో ఉన్నాయి. సందును గట్టిగా పూడ్పించి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు గోడ మీదికి కూడా ఎక్కించి, మళ్లీ 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్స్ వేయించాను. పై వాళ్లు వారం పాటు స్నానాలకు వేరే ఇంటికి వెళ్లాల్సొచ్చింది. ఆ వారం అద్దె నేను తీసుకోలేదు.

నేను ఆ ఇంటికి దూరంగా ఉంటాను, వెళ్లి కడిగే వీలు లేదు, అందుకే నాకు ఎపాక్సీ కలిసొచ్చింది. సొంతంగా ఉండే ఇంట్లో, రెండేళ్లకోసారి గీతలు చూసుకునే ఓపిక ఉంటే సిమెంటుతో కూడా సరిపోవచ్చు. గరుకు టైల్స్ మీద ఎపాక్సీ పెట్టేటట్లయితే వెంటవెంటనే తుడవాలి, లేకపోతే తెల్లటి పొర ఉండిపోతుంది. ఈ నెల కింది పోర్షన్‌కు కూడా ఎపాక్సీయే పెట్టిస్తున్నాను. జాలీ అంచు నుంచే మొదలుపెట్టమని మేస్త్రీకి చెప్పాను, టైల్స్ ఒక పెట్టె ఎక్కువ కొన్నాను.