సంఘానికి అప్పు: బ్యాంకు, స్త్రీనిధి, కంపెనీ... ఏది మేలు?

పొదుపు సంఘంలో ఉన్న ఏ ఆడమనిషికైనా ఇప్పుడు మూడు చోట్ల అప్పు దొరుకుతుంది. మూడూ ఒకటి కావు.

గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు అప్పిచ్చే పద్ధతి, అన్నిటికన్నా పాతది. సంఘం తీర్మానం రాసి, పుస్తకాలు చూపిస్తే సంఘం పేరు మీదే డబ్బు వస్తుంది. మొత్తం పెద్దది, గడువు ఎక్కువ. గేదె కొనాలన్నా, కొట్టు పెట్టాలన్నా నేను దీనికే ఓటేస్తాను. చిక్కల్లా బ్యాంకు గడప దగ్గరే. మా అమ్మ వాళ్ల సంఘాన్ని ఒక బ్రాంచిలో, అప్పు తీరేదాకా పొదుపు డబ్బు తీయడానికి వీల్లేదన్నారు. 10 లక్షల లోపు అప్పుకు పూచీకత్తు అడగకూడదు, పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదు అని రిజర్వు బ్యాంకు నియమమే ఉంది. ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు తోడు వెళ్లి ఆ మాట అడిగాకే డబ్బు చేతికొచ్చింది. లీడర్లు ఒంటరిగా వెళ్లకూడదని నేను అనేది అందుకే.

స్త్రీనిధి అనే సహకార పరపతి సంస్థను 2011లో ప్రభుత్వం, మండల సమాఖ్యలు కలిసి పెట్టాయి. అంటే అందులో వాటా మనదే. 48 గంటల్లో డబ్బు అందించాలన్నది దాని లక్ష్యం. ఆసుపత్రి ఖర్చుకు, కాలేజీ ఫీజుకు, నాట్ల అదనుకు ఇది మేలు. మొత్తం మాత్రం చిన్నది. పైగా వాయిదాలు ఎగ్గొడితే ఎంత అప్పివ్వాలో తేల్చే గ్రామ సమాఖ్య గ్రేడు పడిపోతుంది, ఆ దెబ్బ ఊరంతటికీ తగులుతుంది.

ఇక మైక్రోఫైనాన్స్ కంపెనీ. కాగితాల పని తక్కువ, ఇంటికే వస్తారు. కానీ అక్కడ సంఘానికి ఏ మాటా ఉండదు. వసూళ్ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్న వాళ్లున్నారు కాబట్టే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారం వారం వసూళ్లు ఆపించింది. రిజర్వు బ్యాంకు అజమాయిషీలో ఉన్న కంపెనీలకు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అందుకని ఇప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాయిదా రోజు దగ్గర పడేకొద్దీ ఇంట్లో ఉండే టెన్షన్ నేను దగ్గరగా చూశాను. నా మటుకు నేను ఈ దారి వద్దనే చెబుతాను.

ఇప్పటికే అందులో ఇరుక్కున్నవాళ్లు దాచుకోకుండా సంఘం మీటింగులో చెప్పండి. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుకోవడానికి లింకేజీ డబ్బు వాడుకోవచ్చు. తీర్మానంలో ఆ అవసరమే రాయించండి.