వావ్ క్లాసిక్ చాలాకాలం ఆడాక: గేమ్ పాతదే, ఆడే తీరు కొత్తది

2004 నవంబర్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (వావ్) అనే ఆన్‌లైన్ గేమ్ మొదటిసారి వచ్చినప్పుడు మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లో, అంటే పెద్ద గుంపుగా చేసే దాడిలో, రాగ్నరోస్ అనే బాస్‌ను పడగొట్టడానికి ఆటగాళ్లకు నెలలు పట్టింది. 2019 ఆగస్టులో ఆ పాత గేమ్‌నే మళ్లీ తెచ్చిన క్లాసిక్ తెరిచాక వారం తిరక్కుండానే ఆ పని అయిపోయింది. దీనికి కారణాలు రెండు. క్లాసిక్‌కు ఆధారం 2006 నాటి 1.12 ప్యాచ్ (గేమ్ అప్‌డేట్), అంటే టాలెంట్లన్నీ (క్యారెక్టర్ ఎంచుకునే ప్రత్యేక శక్తులు) సరిదిద్ది బలపరిచిన రూపం. పైగా ఏ బాస్ ఎప్పుడు ఏం చేస్తాడో ఇప్పుడు అందరికీ కంఠస్థం. కష్టమైన రెయిడ్‌ల కోసం క్లాసిక్‌కు రావాలనుకుంటే నిరాశే మిగులుతుంది. ఇందులో బాస్‌లు తేలిక, దారి పొడుగు. ఎన్నాళ్లు ఆడినా విసుగు రానిది ఆ దారే.

ఒకటి నుంచి 60వ లెవెల్‌కు చేరడానికి కొత్తవాళ్లకు 200 గంటలు దాటడం మామూలే. అంతసేపు పట్టేది శత్రువులు బలవంతులు కావడం వల్ల కాదు, ప్రతి పోరాటానికీ ఖర్చు ఉండడం వల్ల. వెస్ట్‌ఫాల్ అనే ప్రాంతంలో 15వ లెవెల్ ప్రీస్ట్‌నే తీసుకోండి. స్పెల్ వేసి మానా (స్పెల్స్‌కు కావాల్సిన శక్తి) ఖర్చుపెట్టిన ప్రతిసారీ, స్పిరిట్ అనే గుణం వల్ల మానా తిరిగి నిండడం ఐదు సెకన్లపాటు ఆగిపోతుంది. స్పెల్ వెంట స్పెల్ వేస్తూ పోతే రెండు పోరాటాలకే నీళ్లు తాగడానికి కూర్చోవాలి. అందుకే ముందు షీల్డ్, ఆ తర్వాత ఒకటి రెండు స్పెల్స్, మిగతా పోరాటమంతా వాండ్‌తో (మంత్రదండం) కానివ్వాలి. వాండ్‌కు మానా అక్కర్లేదు కాబట్టి శత్రువు చచ్చేలోపే మానా మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. ఎన్‌చాంటర్లు చేసే లెసర్ మ్యాజిక్ వాండ్‌ను 5వ లెవెల్ నుంచి, గ్రేటర్ మ్యాజిక్ వాండ్‌ను 13వ లెవెల్ నుంచి వాడుకోవచ్చు. రెండూ ఆక్షన్ హౌస్‌లో దొరుకుతాయి. క్యారెక్టర్ మొదలెట్టిన కొత్తలో కొనాల్సిన మొదటి వస్తువు వాండే.

వెస్ట్‌ఫాల్‌లో ఎక్కువమంది చచ్చేది మరో కారణంతో. డిఫియస్ దొంగల్లాంటి మనుషులు ప్రాణం తగ్గగానే పారిపోతారు, పోయి పక్క గుంపును వెంటేసుకొస్తారు. ఒకడితో పోరాడుతున్నామనుకుంటే చివర్లో ముగ్గురు మీద పడతారు. అలా కాకుండా ఉండాలంటే దూరం నుంచి ఒక దెబ్బ వేసి, అప్పటికే ఖాళీ చేసిన చోటికి వాడిని లాక్కొచ్చి అక్కడ చంపాలి. కొత్త గేముల్లో ఈ జాగ్రత్త అవసరమే రాదు. క్లాసిక్‌లో మాత్రం దాన్ని చేత్తో నేర్చుకోవాల్సిందే. నా దృష్టిలో ఈ గేమ్ ప్రాణం ఇక్కడే ఉంది.

క్లాస్ (క్యారెక్టర్ రకం) ఎంచుకునేముందు కొంచెం ఆలోచించండి. ఒంటరిగా ఆడేవాళ్లకు హంటర్, వార్‌లాక్ హాయి. హంటర్‌కు 10వ లెవెల్‌లో పెట్ వస్తుంది, దానికి తిండి పెట్టాలి, బాణాలు మోయాలి. వారియర్ ప్రయాణం నెమ్మది. తనను తాను బాగు చేసుకునే శక్తి లేదు, ఆయుధం పాతబడితే దెబ్బలో పస ఉండదు. పైగా ప్రతి రకం ఆయుధానికీ విడిగా స్కిల్ పెరగాలి, దాని గరిష్ఠం లెవెల్‌కు ఐదు రెట్లు. 30వ లెవెల్‌లో కత్తి పక్కన పెట్టి ఎన్నడూ వాడని గద పట్టుకుంటే, స్కిల్ 150 ఉండాల్సిన చోట 1 ఉంటుంది, దెబ్బలన్నీ గాలిలో పోతాయి. అలాంటప్పుడు లెవెల్ తక్కువున్న జంతువుల మీద కాసేపు సాధన చేసి స్కిల్ పెంచుకున్నాకే క్వెస్ట్‌లకు వెళ్లాలి.

40వ లెవెల్‌లో మౌంట్ (సవారీ జంతువు) కొనడానికి రైడింగ్‌తో కలిపి దాదాపు 100 గోల్డ్ కావాలి. ట్రైనర్ దగ్గర కనిపించిన ప్రతి స్పెల్ ర్యాంకూ కొనేవాళ్ల దగ్గర అప్పటికి సగం కూడా ఉండదు. రోజూ వాడే స్పెల్స్‌కే డబ్బు పెట్టండి. ప్రొఫెషన్లలో మైనింగ్, హెర్బలిజం, స్కిన్నింగ్‌లలో ఏవో రెండు తీసుకుని దొరికినదంతా అమ్మేయండి. వస్తువులు తయారుచేసే ప్రొఫెషన్లు 60 తర్వాత చూసుకోవచ్చు.

రోజుకు గంట, రెండు గంటలే తీరిక ఉన్నవాళ్లకు రెస్టెడ్ ఎక్స్‌పీ (ఆడని సమయంలో కూడే అనుభవ పాయింట్ల బోనస్) పెద్ద వరం. ఇన్‌లో (సత్రం) లాగౌట్ అయితే ప్రతి 8 గంటలకూ లెవెల్‌లో 5 శాతం చొప్పున కూడుతుంది, గరిష్ఠంగా లెవెల్‌న్నర వరకు. అది ఉన్నంతసేపు శత్రువును చంపితే వచ్చే ఎక్స్‌పీ రెట్టింపు. అడవిలో లాగౌట్ అయితే అదే మొత్తం చేరడానికి నాలుగింతల సమయం పడుతుంది. ఇన్‌కు తిరిగి చేర్చే హార్త్‌స్టోన్ గంటకోసారే పనిచేస్తుంది, కాబట్టి ఆట చివర్లో ఇన్‌కు చేరడానికి దాన్ని దాచుకోండి.

గ్రూప్ కట్టడానికి ఆటోమేటిక్ ఏర్పాటు లేదు. చాట్‌లో కేకేసి ఎదురుచూడడం కంటే, హూ కమాండ్‌తో మీ లెవెల్‌కు దగ్గరున్న హీలర్లను వెతికి ఒక్కొక్కరినీ మర్యాదగా అడిగితే పని త్వరగా అవుతుంది. వార్‌లాక్ దొరికితే ఇంకా మేలు. అతనూ మరో ఇద్దరూ డంజన్ (చిన్న గ్రూప్‌గా ఆడే చోటు) దగ్గరికి ముందే నడిచి వెళితే, తలకో సోల్ షార్డ్ (వార్‌లాక్ పోగుచేసుకునే రాయి) ఖర్చుతో మిగతావాళ్లను అక్కడికి పిలుచుకోవచ్చు. ఇలా కలిసినవాళ్లే తర్వాత గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) అవుతారు.

కొత్త కాలపు అలవాట్లు గేమ్‌ను గట్టిగా తాకేది 60 దగ్గర. ఒనిక్సియా అనే డ్రాగన్ తల వేలాడదీస్తే రెండు గంటలపాటు స్పెల్ క్రిటికల్ (పెద్ద దెబ్బ పడే అవకాశం) 10 శాతం, కత్తి, బాణాల క్రిటికల్ 5 శాతం, అటాక్ పవర్ 140 పెరుగుతాయి. హక్కర్ అనే బాస్ గుండెతో స్టాట్స్ మరో 15 శాతం పెరుగుతాయి. ఒక్కసారి చస్తే అన్నీ పోతాయి. దాంతో చాలామంది ఈ బఫ్‌లు (తాత్కాలిక బలాలు) అందుకుని, రెయిడ్ రోజు వరకు ఆ క్యారెక్టర్‌తో లాగిన్ అవడమే మానేశారు. 2021లో బఫ్‌లను దాచుకునే క్రోనోబూన్ వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. లాగ్స్‌లో (రెయిడ్‌లో ఎవరెంత దెబ్బ వేశారో చూపే రికార్డులు) అంకెల పోటీ మాత్రం అలాగే ఉంది. గిల్డ్‌లో చేరేముందు బఫ్‌లు తప్పనిసరా, వస్తువులు ఎలా పంచుతారు అన్న రెండు సంగతులూ అడిగి తెలుసుకోండి. రెండిటికీ సూటిగా జవాబివ్వని గిల్డ్‌లో సర్దుకుపోవడం కష్టం.

గోల్డ్‌తో వేలంపాట పెట్టి వస్తువులు పంచే జీడీకేపీ రెయిడ్‌లు, మేజ్ క్లాస్ ఆటగాడికి గోల్డ్ ఇచ్చి డంజన్‌లో ఊరికే నిలబడి లెవెల్ పెంచుకునే బూస్టింగ్, ఈ రెండూ నిజమైన డబ్బుతో గోల్డ్ కొనుక్కునేవాళ్లను పెంచాయి. బూస్టింగ్ ఎక్కువున్న సర్వర్‌లో 20 నుంచి 40 మధ్య గ్రూప్ దొరకడం కష్టమవుతుంది, ఎందుకంటే ఆ లెవెల్స్‌ను నడిచి దాటేవాళ్లే తగ్గిపోతారు. 2024 నవంబర్‌లో వచ్చిన వార్షికోత్సవ సర్వర్లలో జీడీకేపీని నిషేధించారు, మంచి పని చేశారు. ఆ సర్వర్లను బర్నింగ్ క్రూసేడ్ అనే తర్వాతి భాగం వైపు సాగేలా పెట్టారు, 60 దగ్గరే స్థిరంగా ఉండాలంటే ఎరా సర్వర్లే ఎంచుకోవాలి.

యాడాన్ల (గేమ్‌కు విడిగా జోడించే చిన్న ప్రోగ్రాములు) విషయంలో నా సలహా ఒకటే. క్వెస్ట్ చోట్లను చూపే క్వెస్టీ పెట్టుకుంటే మ్యాప్ మీద చుక్కలు తప్ప ఊరు, వాగు, కొండ ఏవీ కంటికి ఆనవు. కనీసం 20వ లెవెల్ దాకా అది లేకుండా, క్వెస్ట్‌లో రాసిన దిక్కులు చదువుకుంటూ ఆడండి. సంచులు సర్దే యాడాన్, ఆయుధం దెబ్బ వ్యవధి చూపే టైమర్ ఉంటే నష్టం లేదు.

2023 ఆగస్టులో అధికారికంగా వచ్చిన హార్డ్‌కోర్ సర్వర్లు పాత భయాన్ని నిజంగా తిరిగి తెచ్చాయి. చస్తే ఆ క్యారెక్టర్ కథ అక్కడ ముగిసినట్టే, కావాలంటే ఎరా సర్వర్‌కు మార్చుకోవచ్చు. అందుకే అక్కడ అపరిచితులు కూడా ఆగి సాయం చేస్తారు, గుహలోకి ఎవరూ ఒంటరిగా దూరరు. కానీ నెట్ తెగినా చావు చావే. మీ కనెక్షన్ తరచూ తెగుతుంటే ఎరాలోనే ఆడండి.