ట్రయాథ్లాన్ పత్రికల రివ్యూలు: చెన్నై వాడకంలో నిలిచినవి, తేలిపోయినవి

అమెరికా, బ్రిటన్ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా సాగే పోటీ) పత్రికల రివ్యూలు చదివి సామాను కొనడం నాకు ఏళ్ల నాటి అలవాటు. వాడకమంతా చెన్నైలోనే. నా తీర్పు ముందే చెప్పేస్తాను. వాటిలో కొలిచి ఇచ్చిన అంకెల్ని చాలావరకు నమ్మొచ్చు. స్టార్లను పట్టించుకోనక్కర్లేదు. వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందన్నది మాత్రం అక్కడ వెతకొద్దు, దొరకదు.

వాళ్లు అబద్ధాలు రాస్తారని కాదు. కంపెనీ పంపిన కొత్త వస్తువును కొన్ని వారాలు వాడి రాసేస్తారు. పక్క పేజీలో అదే కంపెనీ ప్రకటన ఉంటే కలం కాస్త మెత్తబడుతుందని నా అనుమానం, కానీ అసలు లోపం గడువుది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడిని మూడు రోజులు చూసి మంచివాడని తేల్చేసినట్టుంటుంది.

చెన్నైలో సైకిల్‌కి అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలిలో ఉన్నది చాలక మన చెమటలోదీ తోడవుతుంది. ఏరోబార్ల (హ్యాండిల్ నుంచి ముందుకు సాగే, మోచేతులు ఆనించుకునే కడ్డీలు) మీద వంగి తొక్కేటప్పుడు నుదుటి చెమట నేరుగా హ్యాండిల్ మీద, మోచేతి ప్యాడ్ల కింది బోల్టుల మీద, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) మీద పడుతుంది. ఇంట్లో సైకిల్‌ని కదలకుండా బిగించి తొక్కే ట్రైనర్ మీదైతే ఎదురుగాలి కూడా ఉండదు, కాబట్టి ఇంకా ఎక్కువ. పత్రిక తెగ మెచ్చుకున్న ఏరోబార్ల ప్యాడ్ బోల్టులు నా దగ్గర రెండో వేసవికే తుప్పుపట్టి, అలెన్ కీ పెడితే తల అరిగిపోయే స్థితికొచ్చాయి. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం వేగంగా తుప్పుపడుతుంది. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) ఇరుక్కుపోయి కదలకపోవడానికి అదే కారణం. అప్పుడప్పుడు బయటికి తీసి, తుడిచి, కార్బన్ పేస్ట్ రాసి మళ్లీ బిగించడమే మార్గం. ఇంత ముఖ్యమైన సంగతి నేను చదివిన ఏ ఏరోబార్ల రివ్యూలోనూ కనబడలేదు. చలిదేశంలో కూర్చున్నవాడికి తట్టదు మరి.

చైన్‌కి మైనం పూయడం గురించీ అంతే. రాపిడి తగ్గుతుందన్న మాట నిజం, చైన్ శుభ్రంగానూ ఉంటుంది. కానీ నవంబరు వానలో తడిసిన చైన్‌ని ఆరబెట్టకుండా వదిలేస్తే మర్నాటికే ఎర్రటి తుప్పు. ఈత గాగుల్స్‌కి ఆవిరి పట్టదన్న పొగడ్త కూడా కొత్తలోనే. లోపలి పూత వేలితో రుద్దినకొద్దీ పోతుంది, కొన్ని నెలలకు అన్ని గాగుల్సూ ఒకటే.

ఏరో సామాను (గాలి అడ్డును తగ్గించే హెల్మెట్లు, చక్రాల వంటివి) అంకెల దగ్గర కొంచెం లెక్క వేసుకోవాలి. విండ్ టన్నెల్ (గాలిని వేగంగా వదిలి పరీక్షించే గది) పరీక్షలు ఎక్కువగా గంటకు 45 కిలోమీటర్ల ప్రాంతంలో చేస్తారు. గాలిని కోయడానికి పెట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అక్కడ 10 వాట్లు మిగిల్చే హెల్మెట్ 30 దగ్గర తొక్కే నాలాంటివాడికి మిగిల్చేది 3 వాట్లే. అయితే మనం రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటాం కాబట్టి 90 కిలోమీటర్ల రేసులో లాభం పూర్తిగా కొట్టుకుపోదు. లోతు రిమ్ముల చక్రాల సంగతి వేరు. ఈసీఆర్ (చెన్నై నుంచి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్) సముద్రం పక్కనే ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, సముద్రపు గాలి తూర్పునుంచి వస్తుంది, అంటే సరిగ్గా అడ్డంగా కొడుతుంది. ముట్టుకాడు వంతెన ఎక్కగానే ముందు చక్రం పక్కకు లాగుతుంటే ఏరోబార్లు వదిలి హ్యాండిల్ పట్టుకోవాల్సిందే. ఆ టెన్షన్‌లో మిగిల్చిన వాట్లన్నీ పోతాయి. వెనక లోతుది, ముందు తక్కువ లోతుది వేసుకోవడం ఇక్కడ మేలు.

వెట్‌సూట్ (చలినీళ్లలో ఈదడానికి వేసుకునే రబ్బరు సూటు) రివ్యూలు మనకు కాలక్షేపం. ఐరన్‌మ్యాన్ అనే పేరున్న ట్రయాథ్లాన్ రేసుల్లో మామూలు పోటీదారులకు నీరు 24.5 డిగ్రీల దాకా ఉంటేనే దాన్ని నిబంధనల ప్రకారం వేసుకోనిస్తారు. చెన్నై పక్కనున్న కోవళం దగ్గర నీళ్లు వేసవిలో అంతకన్నా చాలా వెచ్చన. గోవా రేసుకీ అక్కర్లేదు. హాంబర్గ్‌కో మరో చలి ఊరికో వెళ్లేవాళ్లు మాత్రం చదవండి.

నేను పూర్తిగా నమ్మేవి టైర్ల పరీక్షలు. డ్రమ్ము మీద అదే బరువు, అదే గాలి ఒత్తిడితో తిప్పి రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు పెట్టే అడ్డు) కొలిస్తే, ఏ టైరు మెరుగన్నది లండన్‌లోనైనా మన వేళచ్చేరిలోనైనా దాదాపు ఒకటే. వాటిని చూసి మార్చిన టైర్లు నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు.

ఇప్పుడు రివ్యూ తెరిస్తే ముందు చూసేది ఏ నెలలో, ఏ వాతావరణంలో, ఎన్నాళ్లు వాడి రాశారన్నది. అది లేకపోతే నేరుగా లోపాల పేరాకి వెళ్తాను. అక్కడ "ధర కాస్త ఎక్కువ" తప్ప ఇంకేమీ లేదంటే వాళ్లు దాన్ని సరిగ్గా చెమటలో తడిపి చూడలేదనే లెక్క. అదే మోడల్‌ని రెండు వానాకాలాలు తొక్కినవాడు తిరువాన్మియూర్ సైకిల్ గ్రూపులో ఎవరైనా ఉన్నాడా అని కనుక్కుని, సైకిల్ చూపించమని అడిగి, బోల్టులు నా కళ్లతో చూశాకే డబ్బు తీస్తాను.