మిక్స్‌డ్ లేయర్ చిక్స్ బాక్స్ రివ్యూ: కోడిపిల్లలకి నాలుగు స్టార్లు, ఎంపికకి రెండే

ఇంటికి సరిపడా గుడ్లు వస్తే చాలు, పెద్ద ఫారం పెట్టే ఉద్దేశం లేదు అనుకునేవాళ్ల కోసం హ్యాచరీలవాళ్లు, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్లు, మిక్స్‌డ్ లేయర్ బాక్స్ అని అమ్ముతుంటారు కదా, గుడ్లు పెట్టే రకరకాల జాతుల ఒక్కరోజు కోడిపిల్లల్ని ఒకే పెట్టెలో కలిపి పంపిస్తారు, మేం తెప్పించింది అదే. ఏ హ్యాచరీ అనేది చెప్పను, ఇలాంటి బాక్స్ ఎక్కడ కొన్నా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు. పిల్లలు పెరిగి గుడ్లకొచ్చి, ఈకలు రాల్చి, మళ్లీ గుడ్లకొచ్చేదాకా చూసి రాస్తున్న రివ్యూ ఇది. పెట్టె విప్పగానే కిచకిచమంటూ ముద్దొస్తాయి, ఆ రోజు అడిగితే ఎవరైనా ఐదు స్టార్లు ఇచ్చేస్తారు.

పార్సిల్ విషయంలో వంక పెట్టడానికేం లేదు. అన్నీ బతికే వచ్చాయి, హుషారుగానే ఉన్నాయి. పసిపిల్లల్ని మేత నీళ్లు లేకుండా అంత దూరం ఎలా పంపుతారండీ అని చాలామంది కంగారుపడతారు గానీ, పిల్ల పెంకు పగలగొట్టుకుని వచ్చే ముందు మిగిలిన పచ్చసొనంతా కడుపులోకి లాగేసుకుంటుంది, దాని బలం మీద రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు నెట్టుకొస్తుంది. అలా అని ఇంటికొచ్చాక ఆలస్యం చేయకూడదు, ఒక్కో పిల్లని తీసి ముక్కు నీళ్లలో తాకించి వదలాలి, ఒకటి తాగడం మొదలెడితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. బ్రూడర్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు, ముందే వేడెక్కించి పెట్టుకోండి, మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఇందులో జాతుల తేడా పెద్దగా లేదు. థర్మామీటర్ కంటే పిల్లల్ని చూడటమే తేలిక, బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే చలేస్తున్నట్టు, బల్బుకి దూరంగా పోయి నోరు తెరిచి ఆయాసపడుతుంటే వేడెక్కువైనట్టు.

వ్యాక్సిన్ సంగతిలో ఒక స్టార్ కట్. మారెక్స్ అనే వైరస్ జబ్బుకి టీకా వేయించుకునే ఆప్షన్ ఆర్డర్‌లోనే ఉంది, బాగానే ఉంది, అది పుట్టిన రోజే హ్యాచరీలో వేస్తేనే ప్రయోజనం. కానీ పేగులకొచ్చే కాక్సిడియోసిస్ జబ్బుకి కూడా టీకా ఇచ్చారా లేదా అనేది పెట్టెలో కాగితం మీద లేదు, ఫోన్ చేసి అడిగితే గానీ చెప్పలేదు. ఇదేమంత చిన్న విషయం కాదు, ఆ టీకా ఇచ్చిన పిల్లలకి ఆ జబ్బుకి వాడే యాంప్రోలియం మందు కలిపిన స్టార్టర్ (చిన్నపిల్లల దాణా) పెడితే టీకా పనిచేయకుండా పోతుంది, ఇవ్వని పిల్లలకి ఆ మందు ఉన్న దాణాయే మంచిది. రెండింట్లో ఏదో ఒకటే. కాబట్టి దాణా బస్తా కొనకముందే అడగండి.

ఇక అసలు గొడవంతా ఎంపిక దగ్గరే. ఈ బాక్సులు రెండు రకాలుగా ఉంటాయి, ఒకటి మనమే జాతుల పేర్లు టిక్ పెట్టి ఇచ్చేది, రెండోది హ్యాచరీ చాయిస్, అంటే ఆ వారం వాళ్ల దగ్గర ఏవి మిగిలితే అవి. రెండోది చవకగా వస్తుంది, ఆ చవకకి కారణం కూడా అదే. మాకు సగం మనం ఎంచుకునేది, సగం వాళ్లిష్టం ఉండే ఆఫర్ దొరికింది, ఆ వాళ్లిష్టం సగంలోనే సిల్కీ ఒకటి, నెత్తిమీద ఈకల కుచ్చు ఉండే పోలిష్ ఒకటి వచ్చాయి. వాటిని లేయర్ బాక్స్‌లో ఎందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఒప్పుకుంటా, కానీ సిల్కీ నాలుగు గుడ్లు పెట్టగానే పొదగడానికి కూర్చుంటుంది, పోలిష్‌కేమో కుచ్చు కళ్ల మీద పడి పక్కనుంచి ఎవరొస్తున్నారో కనపడదు. కోళ్లలో ముందెవరు తినాలి వెనకెవరు తినాలి అనే లెక్క ఒకటి ఉంటుందని నార్వే ఆయన షెల్డెరప్ ఎబ్బె 1920ల మొదట్లోనే కోళ్ల గూట్లో కూర్చుని చూసి రాశాడు, ఆ లెక్కలో కళ్లు కనపడని పిల్ల ఎక్కడ తేలుతుందో చెప్పక్కర్లేదు. పెద్ద జాతి పిల్లలు ఆ కుచ్చుని పీకి పీకి రక్తం వచ్చేదాకా పొడిచాయి, రక్తం కనపడితే ఇక ఆగవు, మొత్తం మంద దాని మీదే పడుతుంది. చివరికి దాన్నీ సిల్కీనీ వేరే గూట్లో పెట్టాల్సి వచ్చింది, అంటే ఇంకో గూడు, ఇంకో నీళ్ల డబ్బా, ఇంకో ఖర్చు.

ఆ బాక్స్ వివరాలు చదివితే ఒక్కో జాతికి ఏడాదికెన్ని గుడ్లు, ఏ రంగు పెంకు, ఇవే పెద్ద అక్షరాల్లో ఉంటాయి, స్వభావం గురించి మాత్రం అన్నిటికీ ఫ్రెండ్లీ అని రాసేస్తారు. చిన్న మందకి కావాల్సింది సరిగ్గా దీనికి తిరగబడ్డ లెక్క. వెయ్యి కోళ్లున్న ఫారంలో గుడ్ల సంఖ్య ముఖ్యం, ఆరో ఎనిమిదో ఉన్నచోట ఒక రౌడీ పెట్ట చాలు అందరి గుడ్లూ తగ్గిపోడానికి. బరువులో, నెమ్మదితనంలో దగ్గరగా ఉన్న జాతులు తీసుకుంటే కలిసి బతుకుతాయి, రంగులు మాత్రం ఎన్ని రకాలున్నా ఫర్వాలేదు.

మాకు వచ్చినవాటిలో నంబర్ వన్ ఆస్ట్రలార్ప్, అనుమానమే లేదు. నల్లగా, ఎండలో ఈకలు పచ్చటి మెరుపు కొడుతూ ఉంటుంది, ఆర్పింగ్టన్‌ని ఆస్ట్రేలియావాళ్లు గుడ్ల కోసం ఎంపిక చేసుకుంటూ పోగా వచ్చిన జాతి. 1922-23లో ఆరు పెట్టలు 365 రోజుల్లో 1857 గుడ్లు పెట్టి రికార్డు కొట్టాయి, అంటే సగటున ఒక్కోదానికి 309 పైనే, అదీ లైట్లు వేసి పగలు పొడిగించే ఏర్పాటు లేకుండా. ఇంట్లో అంత రాదు, రాకపోయినా బాధ లేదు, నెమ్మదైన కోడి, మనం వెళ్తే కాళ్ల దగ్గరికొస్తుంది, మిగతావాటి జోలికి పోదు. బార్డ్ ప్లిమత్ రాక్ కూడా దాదాపు ఇంతే, నలుపు తెలుపు చారలతో ఉంటుంది, గుడ్లు కొంచెం తక్కువ, తిండి కొంచెం ఎక్కువ.

రోడ్ ఐలాండ్ రెడ్ గట్టి పిండం, జబ్బు పడదు, ఏది పెట్టినా తింటుంది, గుడ్లు ఆపదు. పెత్తనం మాత్రం దానిదే. ఒకటో రెండో చాలు.

వైట్ లెగ్‌హార్న్ గురించి జనం రెండుగా చీలిపోతారు, నేను మధ్యలో ఉన్నా. ఏడాదికి 280 పైచిలుకు తెల్ల గుడ్లు, శరీరం తేలిక కాబట్టి మిగతావాటికంటే తక్కువ మేతతో గుడ్డు తీసేస్తుంది, పొదగడానికి కూర్చోవడం అరుదు. కానీ దానికి అన్నీ భయమే, బకెట్ కింద పెట్టిన చప్పుడైనా చాలు ఎగిరి కంచె అవతల పడుతుంది. నెత్తిమీద జుట్టు, అదే ఎర్రటి తురాయి, పెద్దది కాబట్టి వేడిని బాగా బయటికి పంపుకుంటుంది, వేడి ప్రాంతాలకి సరిపోతుంది, మంచు కురిసేచోట అదే జుట్టు చలికి నల్లబడి దెబ్బతింటుంది. అలాంటి చలి ఉన్నచోట జుట్టు తలకి అంటుకుని ఉండే వయాండాట్ చూసుకోండి.

బఫ్ ఆర్పింగ్టన్, చంటిపిల్లలున్న ఇంటికి బంగారం, ఎత్తుకున్నా ఊరుకుంటుంది. గుడ్లు మాత్రం వారానికి మూడు నాలుగు, పైగా పొదగడానికి కూర్చుందంటే మూడు వారాలు లేవదు, ఒత్తు ఈకల వల్ల ఎండకి తట్టుకోలేక రొప్పుతుంది కూడా.

ఐఎస్ఏ బ్రౌన్ సంగతి వేరే చెప్పాలి. ఇది జాతి కాదు, 1978లో ఫ్రాన్స్‌లో ఒక సంస్థ గుడ్ల కోసమే తయారుచేసిన క్రాస్, పుట్టగానే రంగుని బట్టి పెట్ట ఏదో పుంజు ఏదో తెలిసిపోతుంది, అందుకే ఇందులో పుంజు రావడం అరుదు. మొదటి ఏడాది మా బాక్స్‌లో అన్నిటికంటే ఎక్కువ పెట్టింది ఇదే, రోజుకొకటి అన్నట్టు. కానీ రెండో ఏడు దాటాక గుడ్డు పెంకు పల్చబడటం, గుడ్డు లోపలే చితికి ఇన్ఫెక్షన్ రావడం లాంటివి ఇలాంటి హైబ్రిడ్లకి ఎక్కువ. దీని గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లిలా రావు. మూడు నాలుగేళ్లు పెంచుకుందాం అనుకునేవాళ్లు దీన్నే నమ్ముకుని మంద మొత్తం నింపకండి.

రంగు గుడ్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈస్టర్ ఎగ్గర్ గురించి కూడా రాస్తున్నా. కొన్ని నీలం, కొన్ని పచ్చ, ఏది వస్తుందో ముందు చెప్పలేం, ఒక పెట్ట ఏ రంగుతో మొదలెడితే జీవితాంతం అదే. నీలం రంగు పెంకు మందం అంతా పాకి లోపల కూడా నీలంగానే ఉంటుంది, గోధుమ రంగు మాత్రం చివర్లో పైన పూసింది కాబట్టి పగలగొట్టి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది, రుచిలో ఏ తేడా లేదు. నాకు నచ్చింది అందం కాదు, జాతికో రంగు ఉంటే ఏ పెట్ట గుడ్డు మానేసిందో బుట్ట చూడగానే తెలిసిపోతుంది. అన్నీ ఒకే గోధుమ రంగు అయితే ఎవరు తింటూ ఊరికే కూర్చున్నారో కనిపెట్టడానికి కాపలా కాయాలి.

మిక్స్‌డ్ మందలో ఎవరూ ముందు చెప్పని చిక్కు దాణా దగ్గర వస్తుంది. ఐఎస్ఏ బ్రౌన్, లెగ్‌హార్న్ 18, 20 వారాలకే గుడ్లకొచ్చేస్తాయి, ఆర్పింగ్టన్ 26 వారాలైనా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే లేయర్ ఫీడ్‌లో కాల్షియం నాలుగు శాతం దాకా ఉంటుంది, గుడ్లకి రాని పిల్ల అది రోజూ తింటే కిడ్నీలు దెబ్బతింటాయి, అలా అని కాల్షియం లేకపోతే పెట్టేవాటి పెంకు మెత్తబడుతుంది. దీనికి దారి ఏంటంటే అందరికీ ఎదిగే పిల్లలకిచ్చే గ్రోయర్ దాణానే వేసి, కాల్షియం కోసం ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టడం, కావాల్సిన పెట్టలు వాటంతటవే వచ్చి తింటాయి. అన్నీ గుడ్లకొచ్చాక లేయర్ ఫీడ్‌కి మారొచ్చు. బాక్స్‌తో పాటు వచ్చిన కాగితంలో 18 వారాలకి లేయర్ ఫీడ్ వేయండి అని ఒకే ముక్క రాసేశారు, ఒకే జాతి అయితే సరే, మిక్స్‌డ్ బాక్స్ అమ్మేవాళ్లు అలా రాయకూడదు.

గుర్తులు లేకపోవడం ఇంకో చిరాకు. ఆస్ట్రలార్ప్, బార్డ్ రాక్, బ్లాక్ సెక్స్ లింక్ అనే క్రాస్, మూడూ పిల్లలుగా నల్లగానే ఉంటాయి, లెగ్‌హార్న్‌కీ బఫ్ ఆర్పింగ్టన్‌కీ మొదటి రోజుల్లో తేడా కొత్తవాళ్లకి తెలీదు. కాలికి జాతికో రంగు రింగ్ వేస్తే సరిపోయే పని. పెరుగుతుంటే రింగ్ వదులు చేస్తూ ఉండాలి, లేకపోతే కాల్లోకి దిగుతుంది, ఆ శ్రమ మనం పడతాం, వేసి పంపడం వాళ్ల పని.

పెట్టలే అని డబ్బు కట్టినా ఒక పుంజు వచ్చింది, ఇందులో వాళ్లని తిట్టను. మలద్వారం చూసి పోల్చే పద్ధతి జపాన్‌వాళ్లు కనిపెట్టి వందేళ్లు కావస్తోంది, ఎంత చేయి తిరిగినవాళ్లు చూసినా నూటికి కొన్ని తప్పుతాయి, హ్యాచరీలు కూడా 90 శాతం పైన అనే హామీ ఇస్తాయి గానీ నూరు అనరు. పుంజుని ఉంచుకోవడానికి వీల్లేని ఇల్లయితే ఆర్డర్ పెట్టకముందే అది ఎవరికి ఇవ్వాలో మాట్లాడి పెట్టుకోండి. పెట్టా పుంజూ చూడకుండా కలిపి ఇచ్చే రకం ఇంకా చవక, అందులో సగం పుంజులు అనుకునే కొనాలి. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవేమో అనే అనుమానం అక్కర్లేదు, పొదిగించాలంటేనే పుంజు కావాలి.

మళ్లీ తెప్పిస్తే ఇదే హ్యాచరీలో తెప్పిస్తా, కానీ వాళ్లిష్టం అనే బాక్స్ జోలికి పోను, పేర్లు రాసి ఇస్తా. ఎనిమిది పెట్టలైతే మూడు ఆస్ట్రలార్ప్, రెండు బార్డ్ రాక్, రెండు ఈస్టర్ ఎగ్గర్, ఒక ఐఎస్ఏ బ్రౌన్. గూట్లో ఒక్కోదానికి నాలుగు చదరపు అడుగులు, బయట తిరగడానికి పది, ఆ జాగా ఇవ్వలేకపోతే ఎనిమిది కాదు, ఐదే తీసుకోండి, అన్నీ ఒకేసారి ఒకే వయసులో తీసుకోండి, తర్వాత ఒకటీ రెండూ తెచ్చి కలపాలంటే పాతవి వాటిని బతకనివ్వవు.