కొండపూలు చూసేవారికి పది రెట్ల మడత భూతద్దం

నెల్లూరు చిన్నబజారులో కంసాలి పనిముట్లు అమ్మే దుకాణంలో కొన్న పది రెట్ల మడత భూతద్దాన్ని ఈ వానల కాలమంతా ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల వాగు గట్ల మీద, పచ్చిక బయళ్ళలో వాడి చూశాను. అడవిపూలను గుర్తుపట్టడం నేర్చుకోదలచినవారు అన్నిటికన్నా ముందు కొనవలసిన వస్తువు ఇదేనని గట్టిగా చెప్పగలను.

మన జిల్లాలకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తాయి గనుక వెలిగొండల దిగువన చిన్న మొక్కలు కార్తీక, మార్గశిర మాసాల్లో నిండుగా పూస్తాయి. వాటిలో చాలా పూలు గోరంత కూడా ఉండవు. ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లు రంగునీ ఆకారాన్నీ బట్టి ఊహించి చెప్పగలవు కానీ, ఆ పేరు ఎందుకు సరైనదో తెలిపే భాగాలు మామూలు ఫోన్ ఫోటోలో పడవు.

విష్ణుక్రాంతనే తీసుకోండి. సెంటీమీటరుకు మించని ఆ నీలి పువ్వును అద్దం కింద పెడితే మధ్యలో రెండు కీలాలు (అండాశయం మీద నిలిచే సన్నని కాడలు), ఒక్కొక్కటీ మళ్ళీ రెండుగా చీలి, నాలుగు సన్నని పోగులుగా కనిపిస్తాయి. అదే కుటుంబానికి చెందిన తూటి జాతి పూలలో కీలం ఒక్కటే ఉంటుంది. ఈ తేడాను ఒకసారి కళ్ళారా చూసినవారు విష్ణుక్రాంతను మరో నీలి పువ్వుగా పొరబడరు. తుమ్మి పువ్వు ఇంకా ముచ్చటగా ఉంటుంది: పై పెదవి మీద తెల్లని నూగు దట్టంగా ఉన్నిలా అల్లుకొని ఉంటుంది, కింది పెదవి మూడు పాయలుగా పరచుకొని ఉంటుంది, రక్షక పత్రాల గొట్టం నోరు ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. ఈ ఏటవాలు నోరే మన పొలాల గట్ల మీది తుమ్మిని గుర్తించడానికి మంచి ఆనవాలు. తడి నేలల్లో పాకే వెన్నదేవి కూరలోనైతే పువ్వు కన్నా ఆకు తొడుగు అంచున ఉండే ఎర్రటి గోధుమరంగు నూగు ఎక్కువ పనికొస్తుంది.

ఈ నేలకు చెందిన మొక్క ఏదో, బయటి నుంచి వచ్చి పాతుకుపోయినది ఏదో తెలుసుకోవడంలోనూ ఈ అద్దం తోడ్పడుతుంది. గడ్డిచామంతి మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చిన మొక్క. దాని పూగుత్తి అంచున లేతరంగు రేకులు కొద్దిగా మాత్రమే ఉండి, ఒక్కొక్కటీ కొసన మూడు పళ్ళుగా చీలి ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన మన సహదేవికి అంచు రేకులే ఉండవు, గుత్తి అంతా ఊదారంగు గొట్టపు పూలే. రెండూ ఒకే బాట పక్కన పెరుగుతున్నా మనం ఒక్కో పువ్వు అనుకునేది నిజానికి పదుల కొద్దీ పూల గుంపు అన్న సంగతి అద్దం లేకుండా తెలియదు.

వాడే పద్ధతి ముఖ్యం. పత్రిక చదివే అద్దంలా చేయి చాచి పట్టుకుంటే ఏమీ కనిపించదు. అద్దాన్ని కంటికి ఆనించినట్టుగా ఉంచి, మొక్క దగ్గరకు వంగి, పువ్వుకూ అద్దానికీ నడుమ రెండున్నర సెంటీమీటర్ల దూరం ఉండేలా చూసుకోవాలి. పువ్వు కోయనక్కరలేదు, మోకాళ్ళ మీద కూర్చునే ఓపిక ఉంటే చాలు. పొద్దున్నే మంచులో ఊపిరి తగిలి అద్దం మసకబారుతుంది, మడత దగ్గరి మర కొంతకాలానికి వదులవుతుంది. నేను గమనించిన లోపాలు ఈ రెండే.

కొనేటప్పుడు పైన చెక్కిన అంకెలను నమ్మవద్దు. చవక అద్దాల మీద తరచుగా కనిపించే 30×21 (ముప్పై రెట్లు, 21 మిల్లీమీటర్ల వెడల్పు) అన్న గుర్తు నిజం కావాలంటే దాని నాభ్యంతరం, అంటే అద్దం నుంచి అది వెలుతురును ఒకచోట చేర్చే బిందువు దాకా ఉన్న దూరం, సుమారు 8 మిల్లీమీటర్లే ఉండాలి. 21 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు అద్దంతో అది కుదిరే పని కాదు. మూడు గాజు కటకాలను కలిపి అతికించినదైతే అంచుల్లో రంగుల చారలు రావు. ధర కొంత ఎక్కువైనా అదే తీసుకోవాలి. 20 రెట్లది కొత్తవారికి సలహా ఇవ్వను, ఎందుకంటే అందులో వెలుతురు తగ్గుతుంది, గాలికి పువ్వు కాస్త కదిలినా దృశ్యం చెదిరిపోతుంది.